మందు మానడానికి మందు: ఒకే ఇంట్లో రెండు వ్యసనాలు, రెండు వైద్యాలు

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇది. మీది గాజువాక. మీ ఆయన పన్నెండేళ్లుగా తాగుతున్నారు. ఇప్పుడు రోజుకు మూడు క్వార్టర్లు, పొద్దున లేవగానే చేతులు వణుకుతుంటే ఒక గుక్క పడితే గానీ షిఫ్టుకు వెళ్లలేరు. మీ దగ్గరే ఉంటున్న తమ్ముడికి 24 ఏళ్లు. నొప్పి మాత్రలతో మొదలుపెట్టి ఇంజెక్షన్ల దాకా వెళ్లాడు. కార్తీకంలో మాల వేయిస్తే ఆయన మానేస్తారని మీ అత్తగారి ఆశ. ఎవరో అన్నంలో కలిపే పొడి కూడా ఇచ్చారు. తమ్ముడికి డాక్టరు నాలుక కింద పెట్టుకునే మాత్ర రాస్తామన్నారు గానీ, ఒక అలవాటు తీసి ఇంకోటి అంటగట్టడమే కదా అని మీ అనుమానం.

పొడి కలపకండి. మాల ఇప్పుడే వేయించకండి. ఎందుకో చెబుతాను.

మాల సంగతి ముందు. దీక్షను తక్కువ చేసి మాట్లాడటం లేదు, 41 రోజులు ఇల్లంతా కలిసి నిలబడటం గొప్ప బలం. చిక్కల్లా మొదటి వారంతోనే. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం. 180 మి.లీ. క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. మూడు క్వార్టర్లంటే 180 గ్రాములు. ఏళ్ల తరబడి ఇంత మత్తు రోజూ మెదడును అణచిపెడుతుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుని కూర్చుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ వేగానికి అడ్డు ఉండదు. వణుకు, చెమటలు, ఫిట్స్, మతి తప్పడం అన్నీ అందులోంచి వచ్చేవే.

ఆయన ఆదివారం రాత్రి ఆఖరిసారి తాగి సోమవారం తెల్లవారుజామున మాల వేసుకున్నారనుకోండి. సోమవారం పొద్దుటికే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఫిట్స్ వచ్చే సమయం ఆఖరి గుక్క నుంచి 6 గంటలకు మొదలై 48 గంటల దాకా, అంటే మంగళవారం రాత్రి వరకు. అన్నిటికన్నా ప్రమాదమైన డెలీరియం ట్రెమెన్స్ సాధారణంగా 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. మంగళవారం రాత్రి నుంచి గురువారం రాత్రి దాకా అన్నమాట. మనుషుల్ని గుర్తుపట్టరు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, దుప్పటి పీకుతూ ఉంటారు, మంచం మీదే కూర్చుని ప్లాంటులో పని చేస్తున్నట్టు చేతులు కదుపుతారు. ఒళ్లు కాలిపోతుంది, చెమటతో తడిసిపోతారు. దీక్షలో తప్పు జరిగిందనో గాలి సోకిందనో అనుకుని మర్నాటిదాకా ఆగే కుటుంబాలున్నాయి. వైద్యం అందకపోతే ఇది ప్రాణం తీస్తుంది. ఒంటిపూట భోజనం, చన్నీళ్ల స్నానం, నిద్ర తక్కువ, ఇవన్నీ సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే పడటం ఇంకా చెరుపు.

(కాలు విరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లకు మూడో రోజు మతి తప్పడం వెనుక చాలాసార్లు ఇదే ఉంటుంది. ఎందుకోసం చేరినా సరే, రోజుకు ఎంత తాగుతారో చేర్చేటప్పుడే చెప్పాలి. పరువని దాస్తే నష్టపోయేది రోగే.)

కాబట్టి వరస మార్చండి. ముందు డీటాక్స్ (డాక్టర్ల పర్యవేక్షణలో ఒంట్లోంచి మందును దింపడం), అది పూర్తయ్యాక మాల. పొద్దున్నే తాగాల్సి రావడం ఒక్కటి చాలు, ఆయనకు ఇంట్లో కాదు, ఆసుపత్రిలో చేర్చి మాన్పించాలని చెప్పడానికి. గతంలో ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చుంటే ఇక ఆలోచించే పనే లేదు. చేర్చేదాకా మాత్రం ఆయన్ను బలవంతంగా మాన్పించకండి. ఈ మాట వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ మందుల అండ లేకుండా హఠాత్తుగా ఆపడం తాగడం కన్నా ప్రమాదం.

ఆసుపత్రిలో ఇచ్చేది ప్రధానంగా రెండు. ఒకటి క్లోర్‌డయాజెపాక్సైడ్. ఇది మెదడులో ఆల్కహాలు పనిచేసిన చోటే పనిచేసి, దిగేటప్పుడు మెట్టు మెట్టుగా దింపుతుంది. ఆయన స్థాయిలో మొదటి రోజు 25 మి.గ్రా. మాత్రలు నాలుగు, ఐదు పడొచ్చు. వణుకు, చెమట, నాడి చూస్తూ రోజూ కొంచెం తగ్గించి వారం, పది రోజుల్లో సున్నాకు తెస్తారు. కాలేయం బాగా చెడి ఉంటే దీని బదులు లోరాజెపామ్ వాడతారు, ఎందుకంటే అది కాలేయం మీద అంత భారం పడకుండా బయటికి పోతుంది. ఈ మాత్రలు వేసుకుంటూ పైన తాగితే ఊపిరి మందగించి నిద్రలోనే పోయే ప్రమాదం ఉంది. స్ట్రిప్ ఇంటికిస్తే మీ దగ్గరే పెట్టుకుని ఏ పూటకాపూట మాత్రమే ఇవ్వండి. వారం దాటాక కూడా ‘నిద్ర పట్టట్లేదు’ అని షాపులో కొని కొనసాగిస్తే అది ఇంకో వ్యసనం అవుతుంది.

రెండోది థయమిన్, అంటే బి1 విటమిన్. చిన్న విటమిన్ కదా అనిపిస్తుంది. ఏళ్లుగా తాగేవాళ్లకు తిండి తక్కువ, తిన్నదాంట్లో బి1 ఒంటికి పట్టేదీ తక్కువ. అది బాగా అడుగంటిన మనిషికి నీరసంగా ఉన్నారని వీధిలోని ఆర్‌ఎంపీ గ్లూకోజ్ సీసా ఎక్కిస్తాడు. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి మెదడుకు బి1 కావాలి. మిగిలిన ఆ కాస్తా ఖర్చయిపోయి, చూపు నిలకడ తప్పడం, నడక తూలడం, అయోమయం మొదలవుతాయి. దీన్ని వెర్నికీ అంటారు. సమయానికి ఇంజెక్షన్లు పడకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. అందుకే గ్లూకోజ్‌తో పాటైనా, అంతకన్నా ముందైనా థయమిన్ పడాలి, అదీ మొదట్లో ఇంజెక్షన్‌గా. మాత్రలుగా ఇస్తే పాడైన పేగు సరిగ్గా పీల్చుకోదు. ‘ముందు బి1 ఇంజెక్షన్ ఇచ్చారా’ అని అడిగే హక్కు మీకుంది.

పదో రోజుకు వణుకు పోతుంది, ఆకలి పుడుతుంది, మొహం తేటపడుతుంది. చాలా ఇళ్లలో వైద్యం అయిపోయిందనుకునేది ఇక్కడే. నిజానికి మొదలయ్యేది ఇక్కడ. డీటాక్స్ ఒంట్లోంచి మందును దింపుతుంది, తాగాలన్న యావను దింపదు. ఆ యావ నెలల తరబడి ఉంటుంది. మాల తీసిన రాత్రే మళ్లీ తాగినవాళ్లను మన ఊళ్లలో చూడనివారు లేరు. వాళ్లకు భక్తి తక్కువై కాదు, 42వ రోజుకు అండగా ఏ ఏర్పాటూ లేక. ఆ ఏర్పాటుకే మూడు మందులున్నాయి.

నాల్ట్రెక్సోన్ 50 మి.గ్రా., రోజుకు ఒకటి. తాగినప్పుడు వచ్చే హాయిని మొద్దుబారుస్తుంది. ఒక పెగ్గు జారినా అది మూడు క్వార్టర్ల దాకా వెళ్లకుండా ఆపడంలో దీనికి మంచి పేరు. మొదటి మూడు, నాలుగు రోజులు సగం మాత్ర, అదీ భోజనం తర్వాత ఇస్తే వికారం తగ్గుతుంది. ఖాళీ కడుపున పూర్తి మాత్ర వేసుకుని, వాంతులై, ‘నాకు పడలేదు’ అని రెండో రోజే మానేసేవాళ్లు చాలామంది. ముందు కాలేయం పరీక్ష చేయించాలి, ఎంజైములు మరీ ఎక్కువుంటే డాక్టరు దీన్ని పక్కన పెడతారు.

అకాంప్రొసేట్ 333 మి.గ్రా. మాత్రలు, పూటకు రెండు చొప్పున మూడు పూటలు. పూర్తిగా మానినవాళ్లు మానినట్టే ఉండటానికి ఇది బాగా పనికొస్తుంది. కాలేయం మీద పడదు, మూత్రపిండాల గుండా పోతుంది కాబట్టి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసుకోవాలి. మొదట్లో విరేచనాలు కావచ్చు. దీనితో అసలు ఇబ్బంది రోజుకు ఆరు మాత్రలు. షిఫ్టులు మారే మనిషికి మధ్యాహ్నం పూట తప్పిపోతుంది. తప్పుతుందని ముందే తెలిస్తే నాల్ట్రెక్సోన్ నయం.

ఈ రెండూ ఏ మేరకు పనిచేస్తాయో ఉన్నదున్నట్టు చెబుతాను. వందకు పైగా పరిశోధనలను కలిపి 2014లో చేసిన విశ్లేషణ ప్రకారం, అకాంప్రొసేట్ 12 మందికి ఇస్తే, అది లేకపోతే మళ్లీ తాగేవాడు ఒకడు ఆగుతాడు. నాల్ట్రెక్సోన్ 12 మందికి ఇస్తే ఒకడు విపరీతంగా తాగడంలోకి తిరిగి జారకుండా ఉంటాడు. చిన్న సంఖ్యే అనిపించవచ్చు, కానీ బీపీకీ కొలెస్ట్రాల్‌కీ మనం ఏళ్ల తరబడి వాడే మందులతో పోలిస్తే ఇది ఏమాత్రం తీసిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ రెండింటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది వాడాలి. కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వచ్చినవాళ్లకు బాక్లోఫెన్ అని ఇంకొకటి ఉంది, దాన్ని హఠాత్తుగా ఆపకూడదు.

మూడోది డైసల్ఫిరామ్. మీ ఇంటికొచ్చిన పొడి ఇదే కావచ్చు, మరేదైనా కావచ్చు. ‘మాన్పించే పొడి’ అని పొట్లం కట్టి ఇచ్చేదాంట్లో ఏముందో ఇచ్చినవాడికే తెలియదు. డైసల్ఫిరామ్ యావను తగ్గించదు. ఒంట్లో ఆల్కహాలు విరిగే దారిని మధ్యలో మూసేస్తుంది. పైన తాగితే ఆ మధ్యలో తయారయ్యే విషపదార్థం పేరుకుని నిమిషాల్లో మొహం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, వాంతులు, దడ, బీపీ పడిపోవడం. గుండె జబ్బున్నవాడికి అది చావు కావచ్చు. ఆ భయమే దీని మందు. తెలియని మనిషికి భయం ఎక్కడినుంచి వస్తుంది? తెలియకుండా పెడితే మిగిలేది ప్రమాదం ఒక్కటే. సంగతి తెలిసిన రోజున ఆయన మీ చేతి అన్నం తినడం మానేస్తారు. ఆ తర్వాత అసలు మందు కూడా మీ చేతి మీదుగా తీసుకోరు.

తనంతట తాను ఒప్పుకుని, సంతకం పెట్టి, రోజూ మీ ఎదుట 250 మి.గ్రా. వేసుకునే మనిషికి మాత్రం ఇది బాగా పనిచేస్తుంది. ఆఖరి గుక్క తర్వాత కనీసం 12 గంటలు ఆగాలి, 24 అయితే మేలు. ఆపేశాక కూడా రెండు వారాలు దాని ప్రభావం ఉంటుంది. ‘నిన్న వేసుకోలేదు, ఈ రోజు తాగొచ్చు’ అనే లెక్క పనికిరాదు. ఆసవాలు, అరిష్టాలు, ఆల్కహాలు ఉన్న దగ్గు సిరప్పులు, హోమియో చుక్కలు, గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్లు అన్నీ దూరం. పంటి నొప్పికో విరేచనాలకో రాసే మెట్రోనిడజోల్ దీనితో కలిస్తే మతిభ్రమ కలగవచ్చు. ‘డైసల్ఫిరామ్ వాడుతున్నాను’ అని రాసిన కార్డు జేబులో ఉండాలి.

ఇప్పుడు తమ్ముడు. ఈ కుర్రాళ్లలో కనిపించేవి ఎక్కువగా ట్రామడాల్, టాపెంటడాల్ మాత్రలు, పెంటాజొసిన్ ఇంజెక్షన్లు. ట్రామడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. మోతాదు మించితే దానితో ఫిట్స్ వస్తాయి. పెంటాజొసిన్ పొడిచిన చోట కండ రాయిలా గట్టిపడుతుంది, పుండ్లు పడి మానవు. చేతులు, తొడలు ఓసారి డాక్టరుకు చూపించమనండి.

వీటి విత్‌డ్రాయల్ (వాడకం ఆపాక ఒళ్లు పడే బాధ) మందుబాబుల విత్‌డ్రాయల్‌లాంటిది కాదు. ఆవులింతలు, కళ్లల్లో ముక్కులో నీళ్లు, ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకోవడం, ఎముకల్లోంచి నొప్పులు, విరేచనాలు, నిద్ర బొత్తిగా లేకపోవడం. రెండు, మూడు రోజులు తీవ్రంగా ఉండి వారానికి తగ్గుతుంది. నీళ్లు, లవణాలు తగ్గకుండా చూసుకుంటే సాధారణంగా ప్రాణం పోదు. ప్రాణం పోయేది తర్వాత. ఎక్కడో పది రోజులు గదిలో పెట్టి మాన్పించి ఇంటికి పంపుతారు. ఆ పది రోజుల్లో ఒంటికి ఆ మందును తట్టుకునే శక్తి పోతుంది, యావ మాత్రం అలాగే ఉంటుంది. పాత మోతాదే మళ్లీ పొడుచుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అందుకే ఈ నల్లమందు జాతి మందులైన ఓపియాయిడ్‌లకు డీటాక్స్ ఒక్కటే చేసి వదిలేయడం నా దృష్టిలో వైద్యం కాదు, ప్రమాదం.

మీ డాక్టరు చెప్పిన మాత్ర బ్యూప్రినార్ఫిన్, నలాక్సోన్ కలిసినది. సాధారణంగా 2 మి.గ్రా., 0.5 మి.గ్రా. మెదడులో ఈ మందులకు ఒక సీటు ఉందనుకోండి. బ్యూప్రినార్ఫిన్ అక్కడ కూర్చున్నవాణ్ణి లేపి తను గట్టిగా కూర్చుంటుంది, కానీ సగం బలంతోనే పనిచేస్తుంది. నొప్పులు, యావ పోతాయి, మత్తెక్కదు. ఒక హద్దు దాటాక మోతాదు పెంచినా ప్రభావం పెరగదు. సీటు ఖాళీ లేదు కాబట్టి పైన ఇంకేది పొడుచుకున్నా ఎక్కదు. నలాక్సోన్ నాలుక కింద ఒంటికి దాదాపుగా పట్టదు. ఈ మాత్రనే కరిగించి పొడుచుకుంటే మాత్రం విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. అది దాని కాపలా.

మొదటి రోజు చెడేది ఇక్కడే. ఒంట్లో పాత మందు ఇంకా నిండుగా ఉండగా ఈ మాత్ర పెడితే, పూర్తి బలమున్నవాణ్ణి లేపేసి సగం బలమున్నది కూర్చుంటుంది. అరగంటలో విత్‌డ్రాయల్ మొత్తం ఒకేసారి విరుచుకుపడుతుంది. ‘ఈ మాత్ర నన్ను చంపేసింది’ అని పారిపోయేవాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే. కాబట్టి ఆఖరి డోసు తర్వాత కనీసం 12 గంటలు ఆగి, లక్షణాలు కళ్లకు కనిపించేదాకా చూడాలి: పెద్దవైన కంటిపాపలు, రోమాలు నిక్కిన చేతులు, కారే ముక్కు. అప్పుడు 2 మి.గ్రా. పెట్టి గంట, రెండు గంటలు చూసి, అవసరమైతే ఇంకో 2. మొదటి రోజు సాధారణంగా 8 మి.గ్రా. దాటరు. తర్వాతి రోజుల్లో చాలామందికి 8 నుంచి 16 మధ్య కుదురుతుంది. తక్కువ మోతాదులో ఆపేసి, ‘మాత్ర వేస్తున్నా వాడుతూనే ఉన్నాడు’ అని కుర్రాణ్ణి తిట్టడం తప్పు, మోతాదు చాలలేదేమో ముందు చూడాలి.

మాత్ర పెట్టే తీరు కూడా ముఖ్యమే. ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడపాలి. మాత్రను నాలుక కింద పెట్టి, తల కాస్త ముందుకు వంచి, మాట్లాడకుండా, ఉమ్మి మింగకుండా కూర్చోవాలి. కరగడానికి 5 నుంచి 10 నిమిషాలు. నర్సు టార్చి వేసి నాలుక కింద తెల్లటి పొడి మిగల్లేదని చూశాకే పంపుతుంది. మింగితే చాలావరకు కాలేయంలోనే విరిగిపోతుంది, దండగ. కరిగాక నీళ్లు నోట్లో తిప్పి మింగాలి. పళ్లు తోమడానికి గంట ఆగాలి, ఆ మాత్రలోని ఆమ్లగుణం వల్ల పంటి పెంకు మెత్తబడి ఉంటుంది.

ఇక మీ అసలు అనుమానం. దీని మీద ఒళ్లు ఆధారపడుతుందా? పడుతుంది. ఒక్కసారిగా ఆపితే ఇబ్బంది వస్తుంది, అందుకే నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు. కానీ వ్యసనం అంటే అది కాదు. తెల్లారిన దగ్గర్నుంచి డబ్బు ఎలా, సరుకు ఎక్కడ, సూది ఎవరిది అని పరిగెత్తడం వ్యసనం. పొద్దున పది నిమిషాలు మాత్ర పెట్టుకుని పనికి వెళ్లి రాత్రి ఇంటికి వచ్చి అన్నం తినడం వైద్యం. ఈ వైద్యంలో నిలిచినవాళ్లలో మరణాల రేటు, బయటికి వెళ్లిపోయినవాళ్లతో పోలిస్తే సగానికన్నా తక్కువని అనేక దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఏడాదైనా కాకముందే ‘ఇంకెంతకాలం’ అని తొందరపెట్టకండి.

ఈ మాత్ర మామూలు మందుల షాపులో దొరకదు, డీ-అడిక్షన్ వసతి ఉన్న ఆసుపత్రులకే సరఫరా అవుతుంది. ఎవరైనా బయట అమ్ముతుంటే కొనకండి. దీనిపైన మందు తాగినా, నిద్రమాత్రలు వేసినా ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. సూదులు పంచుకుని ఉంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించండి. హెపటైటిస్ సి తేలితే ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా మాత్రలున్నాయి, చాలామందికి 12 వారాల్లో నయమవుతుంది.

మీ ఇంటికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఆయనకు నాల్ట్రెక్సోన్, తమ్ముడికి బ్యూప్రినార్ఫిన్ రాస్తే, అవి ఒకే డబ్బాలో ఉండకూడదు. నాల్ట్రెక్సోన్ ఆ సీటును పూర్తిగా మూసేస్తుంది. తమ్ముడు పొరపాటున ఒక్కటి వేసుకున్నా ఒక రోజంతా భరించలేని విత్‌డ్రాయల్‌తో ఆసుపత్రిలో పడాలి. రెండు వేర్వేరు డబ్బాలు, రెండు రంగులు, తాళం మీ దగ్గర. పిల్లలున్న ఇల్లయితే బ్యూప్రినార్ఫిన్ ఒక్క మాత్ర కూడా వాళ్లకు ప్రాణాంతకం.

తమ్ముడు ఎప్పుడైనా లేపినా లేవకుండా, పెదాలు నీలంగా, గురకలాంటి శబ్దంతో, కంటిపాపలు సూదిమొనంత చిన్నవై కనిపిస్తే 108కి ఫోన్ చేసి ‘ఊపిరి సరిగ్గా లేదు, నొప్పి ఇంజెక్షన్ ఎక్కువైంది’ అని స్పష్టంగా చెప్పండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఊపిరి ఆగితే నోటితో ఊపిరి ఇవ్వండి. ఆసుపత్రిలో నలాక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే నిమిషాల్లో లేస్తాడు. లేచాడు కదా అని వెంటనే ఇంటికి తీసుకురావద్దు. అది గంట, గంటన్నరలో దిగిపోతుంది, పాత మందు ఒంట్లో ఇంకా ఉంటుంది.

మీరు గంజాయి గురించి కూడా ఒక వాక్యం రాశారు. దానికి ఇలాంటి మాత్ర ఏదీ లేదు, కౌన్సెలింగే. ఉందని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

ఎక్కడికి వెళ్లాలంటే, వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీకి. ఫిట్స్ వచ్చినా మతి తప్పినా నేరుగా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి. వెళ్లేముందు మాట్లాడాలంటే టెలీమానస్ 14416, మత్తు పదార్థాల హెల్ప్‌లైన్ 14446. ప్రైవేటు రీహాబ్‌లో చేర్చాలనుకుంటే మానసిక ఆరోగ్య చట్టం 2017 కింద రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు రోజూ వస్తారా, ఇంటికి పంపేటప్పుడు మందులు రాస్తారా అని అడగండి. ‘మేం మందులు వాడం, క్రమశిక్షణతో మాన్పిస్తాం’ అనేచోట ఆయన్నుగానీ తమ్ముణ్ణిగానీ వదలకండి. కొట్టడం, గొలుసు వేయడం నేరం. ఆయన పేరు ప్లాంటులో తెలుస్తుందన్న భయం ఉంటే, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని అదే చట్టం చెబుతోంది.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఇద్దర్నీ ఒకే రోజు తీసుకెళ్లకండి, ఎవరిమీదా దృష్టి నిలవదు. ఆయన్ను ముందు చేర్చండి, ఫిట్స్ ప్రమాదం ఆయనకే. పాత రిపోర్టులు, ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులు అన్నీ సంచిలో వేసుకోండి, ఆ పొడి పొట్లం కూడా. తమ్ముడి వంతు వచ్చిన రోజున, ఆఖరి ఇంజెక్షన్ ఎన్ని గంటలకు చేసుకున్నాడో తిట్టకుండా అడిగి, నిజం చెబితే కాగితం మీద రాసుకోండి. మొదటి మాత్ర ఎప్పుడు పెట్టాలో డాక్టరు చూసుకునేది ఆ గంటను బట్టే.